ఫిర్మిన్ పెళ్లికి నాలుగు వేళ్లు అడ్డం

అరవై ఒక్క ఏళ్ల ఫిర్మిన్ బార్ట్ పెళ్లికి ఒప్పుకున్నాడన్న వార్త డెండర్ నది మీద అతనికంటే ముందు ప్రయాణించింది. అందులో పెద్ద విశేషమేమీ లేదు. ఆ నది మీద బాతులు కూడా అతన్ని దాటిపోతాయి.

అతను పడవలోనే పుట్టాడు. ఆ రోజు పడవకీ ఆలస్యమే. ఆ ఏడు వానల్లేక నది తగ్గిపోయి, పడవ బురదలో కూర్చుంది. మంత్రసాని ఉండే ఊరు చేరేసరికి తల్లి కాన్పు పని తనే చూసుకుని, కాఫీ కూడా పెట్టుకుంది. అప్పట్నుంచి ఫిర్మిన్‌కి ఒక విషయం అర్థమైంది. ఎక్కడికైనా ఆలస్యంగా వెళ్లినా, అసలు వెళ్లకపోయినా, రెండు కారణాలు చాలు. నీళ్లు ఎక్కువ. నీళ్లు తక్కువ. ఏడాదిలో ఏ రోజుకైనా ఈ రెండింట్లో ఒకటి సరిపోతుంది. బడిలో సరిపోయింది, చర్చిలో సరిపోయింది. సైన్యంలో చేరమని కబురొస్తే మూడు వారాలు ఆలస్యంగా వెళ్లి, అక్కడా నీళ్లు తక్కువన్నాడు. మీ ఊరికి రైలుంది కదా అన్నాడు అధికారి. రైలు సంగతి తనకి తట్టలేదని ఫిర్మిన్ నిజాయితీగానే చెప్పాడు.

తండ్రి పోయాక పడవకి అతనే సరంగు, అతనే కళాసీ. ఇరుకు లాకుల్లో పట్టేలా కట్టిన పాతకాలపు సన్న పడవ అది. పేరు ‘ఓర్పు’. వెనక చిన్న ఇల్లు, మధ్యలో సరుకు పోసే పెద్ద కడుపు. గోధుమలు, ఇసుక, పశువుల దాణా, ఏది దొరికితే అది మోసేవాడు. పడవవాళ్లందరికీ ఉండే అలవాటే అతనికీ ఉంది, కాస్త ముదిరింది. పడవలోకి ఎవరూ బూట్లతో అడుగు పెట్టకూడదు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇద్దరు పోలీసుల చేత కూడా బూట్లు విప్పించాడు. సాక్సులతో నిలబడ్డాక వాళ్లకి గట్టిగా మాట్లాడ్డానికి మనసు రాలేదు.

సిడోనీ లాకు మనిషి. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకి వచ్చింది. లాకు తలుపులు తెరవడం, మూయడం, నీటి కొలబద్ద చూడ్డం, వెళ్లే పడవల్ని రేడియోలో పలకరించడం ఆమె పని. ఫిర్మిన్‌తో పరిచయం రేడియోలోనే మొదలైంది. తర్వాత కాఫీ. తర్వాత ఆదివారాలు. పడవ ఎక్కడ కట్టి ఉన్నా, అక్కణ్నుంచి సైకిల్ మీద వచ్చి, ఎండు ప్లమ్ పళ్లు వేసి వండిన కుందేలు కూర తిని, రెండోసారి వడ్డించుకుని, ఆకాశం వైపు చూసి, “వానొచ్చేలా ఉంది. నీళ్లు పెరిగితే మోకులు వదులు చెయ్యాలి” అని లేచిపోయేవాడు. ఇలా ఎన్ని కుందేళ్లు పోయాయో లెక్క లేదు.

ఈ వసంతంలో ఒక ఆదివారం సిడోనీ గిన్నె మీద మూత పెట్టేసింది.

“నీ పడవకి ఓర్పు అని ఎవరు పెట్టారో గానీ, ఆ పేరు నాకు పెట్టాల్సింది” అంది. “విను. పెళ్లి చేసుకుంటావా, చేసుకోవా?”

“చేసుకుందాం. నీళ్లు కాస్త...”

“నీళ్ల మాటెత్తావంటే ఈ గరిటె విరుగుద్ది. జూన్ మొదటి శనివారం. నీ పడవలోనే విందు. సైకిలేసుకుని వచ్చినోడు సైకిలేసుకునే పోతాడు, అది నాకు తెలుసు. అందుకని పడవేసుకునే రావాలి. ఇల్లూ వాకిలీ నీతో పాటు రావాలి.”

ఫిర్మిన్ ఒప్పుకున్నాడు. మూత తీయడానికి వేరే దారి కనపడలేదు.

కానీ ఒప్పుకున్నాక పని మాత్రం మనసు పెట్టి చేశాడు. పడవ కడుపు కడిగి, ఆరబెట్టి, నేలకి బూడిద రంగు వేశాడు. బల్లలు పరిచాడు, తెల్ల గుడ్డలు కప్పాడు, కాగితం పూలు కట్టాడు. పడవవాళ్ల పెళ్లి విందులు అలా కడుపులోనే జరుగుతాయి. శుక్రవారం ఎగువన వాన కురిసింది. శనివారం పొద్దున వీర్‌హెమ్ వంతెన దగ్గరికి వచ్చేసరికి నది నిండుగా, గోధుమరంగులో, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

ఆ వంతెన పొట్టిది. ఫిర్మిన్ చుక్కాని గదిని పలకలు పలకలుగా విప్పేసి, అద్దాలు మడిచి పక్కన పెట్టాడు. అయినా పడవ ముక్కు మిగిలింది. ఖాళీ పడవకి ముక్కు పైకి లేస్తుంది. నెమ్మదిగా వంతెన దాకా పోనిచ్చి, చెయ్యి పెట్టి కొలిచాడు. సరిగ్గా నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ.

నిజం చెప్పాలంటే అతని ప్రాణం కుదుటపడింది. పడవని రేవుకి కట్టేసి, వంతెన పక్కనే ఆల్మా నడిపే కాఫీ, బీరు కొట్టులో కూర్చుని, పంచదార రెండు చెంచాలు వేయించుకుని, సిడోనీకి ఫోన్ చేశాడు.

“సిడోనీ, ఇక్కడ వంతెన దగ్గర నీళ్లు...”

“కొలబద్ద నా కిటికీ ముందే ఉంది. నాకూ కనపడతంది.”

“మరైతే వచ్చే శనివారం...”

“ఫిర్మిన్.” ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి భయం వేసింది. “అయిదింటికి లాకు మూస్తాను. అప్పటికి నీ పడవ నా లాకులో ఉంటే పెళ్లి. లేకపోతే ఇక ఏ ఆదివారమూ రాకు. కోపంతో అంటున్నది కాదిది. అలిసిపోయి అంటున్నాను.”

ఫోన్ పెట్టేసింది.

ఫిర్మిన్ కాఫీ వైపు చూశాడు. కప్పు పక్కకి జరిపాడు. ఆదివారాలు ఖాళీగా వరసగా వచ్చి నిలబడినట్టు అనిపించింది. కుందేలు కూర గుర్తొచ్చింది. కానీ కూరకంటే ముందు, ఆమె కొలబద్ద చదివి రేడియోలో చెప్పే గొంతు గుర్తొచ్చింది. దానికి అతనే ఆశ్చర్యపోయాడు.

“అక్కా, నాకీ పెళ్లి కావాలి” అన్నాడు ఆల్మాతో.

ఆల్మా గ్లాసు తుడుస్తూ ఆగింది. “నాకెందుకు చెప్తావు? దానికి చెప్పు.”

“నాలుగు వేళ్లు అడ్డం.”

“అంతేనా? కడుపులో నీళ్లు నింపు. పడవ దిగుతుంది. అందరూ చేసేదేగా.”

“కొత్త రంగు. బల్లలు. తెల్ల గుడ్డలు. నీళ్లు పోశానంటే సిడోనీ నన్ను అందులోనే ముంచేస్తుంది.”

ఆల్మా కొట్టు నలువైపులా చూసింది. శనివారం కాబట్టి జనం కిటకిటలాడుతున్నారు. ఊరి బ్యాండు మేళం సాధన ముగించుకుని బీరు మీద పడి ఉంది. పావురాల పందెం వాళ్లు ఆకాశం కేసి చూస్తూ పందెం పక్షుల కోసం కాచుకుని కూర్చున్నారు. బ్యాండు పెద్ద గాస్టన్ రెండు కుర్చీలు కలిపి వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు.

ఆల్మా చూపు వెళ్లిన చోటికే ఫిర్మిన్ చూపూ వెళ్లింది. ముప్ఫై ఏళ్లుగా సరుకు చూసి బరువు చెప్పిన కళ్లు అవి.

“ఏంట్రా అలా చూస్తున్నావ్?” అన్నాడు గాస్టన్.

“ఒరే గాస్టన్, నువ్వు ఎంత ఉంటావురా?”

“నీకెందుకు? నన్ను కొంటావా?”

నీళ్లకి బదులు మనుషుల బరువుతో ముక్కు దించాలన్న సంగతి వినగానే కొట్టంతా లేచింది. ఆ ఊళ్లో శనివారం మధ్యాహ్నం అంతకంటే మంచి పని ఎవరికీ లేదు. చిక్కల్లా బరువులు చెప్పే దగ్గర వచ్చింది. మగాళ్లు ఎక్కువ చెప్పుకున్నారు, ఆడవాళ్లు ఎవరూ చెప్పలేదు. ఫిర్మిన్ ఎవరి మాటా వినకుండా, మనిషిని చూసి ముందుకి, మధ్యకి అని పంపడం మొదలెట్టాడు. ముక్కు దగ్గరికి పంపడమంటే లావని చెప్పినట్టే. మేళంలో పిల్లనగ్రోవి వాయించే రోజాలీ అయితే, తనని ముందుకి పంపినందుకు ఏడాది పాటు అతనితో మాట్లాడనని అక్కడికక్కడే ప్రకటించింది. పావురాల పెద్దాయన సెరాఫిన్‌ని గాలికి ఎగిరిపోకుండా మధ్యలో పెట్టారు. ఆయన అలిగాడు.

రేవు పలక దగ్గర ఫిర్మిన్ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

“బూట్లు!”

“పెళ్లాగిపోతుంటే బూట్లేంట్రా?” అన్నాడు గాస్టన్.

“కొత్త రంగు. విప్పు.”

“నేను విప్పను. నా సాక్సు సంగతి నీకు తెలీదు.”

“విప్పు మావా, అందరికీ తెలిసిందే” అన్నారు వెనక నుంచి ఎవరో.

గాస్టన్ విప్పాడు. ఎడమ బొటనవేలు పూర్తిగా బయటికి వచ్చి ఊరందరినీ చూసింది. ఒక్కొక్కరే విప్పి, రేవు గట్టు మీద జతలు జతలుగా పెట్టి, పలక మీద జాగ్రత్తగా నడిచి పడవ కడుపులోకి దిగారు. బల్లలు తాకకుండా ముందూ మధ్యా అంతా ఒత్తుకుని నిలబడ్డారు. పెద్ద బాకా వాయించే కుర్రాడు బాకా వదలనన్నాడు. బరువే కదా అని దాన్నీ రానిచ్చారు.

ఫిర్మిన్ వంతెన దాకా పోనిచ్చి మళ్లీ చెయ్యి పెట్టాడు. ఒక వేలు మిగిలింది.

“ఒక్క వేలు!” అని అరిచాడు.

పడవ మళ్లీ రేవుకి చేరేలోగా ఆల్మా కొట్టులోకి వెళ్లి, బీరు పీపాలు దొర్లించుకొచ్చింది. చివరికి తలుపుకి తాళం వేసి, చెప్పులు విడిచి, తనూ ఎక్కింది. పీపాలు దిగగానే మేళం వాటి చుట్టూ చేరింది.

“తాగకండిరా, బరువు తగ్గుద్ది!” అని ఫిర్మిన్ గోల పెట్టాడు.

“పీపాలో ఉన్నా మా పొట్టలో ఉన్నా పడవకి తేడా ఏంట్రా?” అన్నాడు గాస్టన్.

ఫిర్మిన్ కాసేపు ఆలోచించాడు. ఆ మాటలో తప్పు కనపడలేదు. కనపడకపోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

వంతెన కిందకి పోతున్నప్పుడు ఎవరూ ఊపిరి తీయలేదు. తీస్తే పడవ తేలుతుందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. ఫిర్మిన్ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని, తల మోకాళ్ల మధ్య పెట్టి చుక్కాని తిప్పాడు. పైన ఒకచోట గరగరమని శబ్దమై, వంతెన నాచు కాస్త ముక్కు మీద పడింది. అంతే. అవతల వెలుగు వచ్చింది. కడుపులోంచి జై కొట్టినట్టు ఒక్కసారి కేక లేచింది.

అప్పుడు రోజాలీ తల పైకెత్తి అడిగింది. “ఇక మమ్మల్ని దింపు. ఎక్కడ దింపుతావు?”

ఫిర్మిన్ చుట్టూ చూశాడు. అటు పక్క మునిగిన పచ్చిక, ఇటు పక్క నడుమెత్తు దురదగొండి మొక్కలు. లాకు దాకా రేవు లేదు. ఊళ్లో సగం మంది బూట్లు వంతెనకి అవతల వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్లు పడవ నడిపి, ఎక్కేవాళ్లు మళ్లీ దిగుతారన్న సంగతి అతను ఆలోచించలేదు. సరుకుకి ఎప్పుడూ బూట్లు లేవు.

“ఒరే, వెనక్కి పోనీరా” అన్నాడు గాస్టన్. “బూట్లు తెచ్చుకుంటాం. అక్కడే నా పరువు కూడా ఉంది.”

“అవును, వెనక్కి తిప్పు. బరువు అలాగే ఉందిగా, మళ్లీ దూరుతుంది” అన్నారు ఇంకొందరు.

ఫిర్మిన్ చెయ్యి చుక్కాని మీద ఆగింది. అతని జీవితంలో ఇంత మంచి కారణం ఎప్పుడూ దొరకలేదు. నీళ్లు కాదు, వాన కాదు. ఊరి మనుషుల బూట్లు. ఏ పెళ్లికూతురైనా కాదనలేని కారణం. వెనక్కి వెళ్లి, అందరినీ దింపి, కాఫీ చల్లారిందేమో చూసుకుని, సాయంత్రం ఫోన్ చేసి చెప్పొచ్చు. చర్చి గంట నాలుగున్నర కొట్టింది.

“తిప్పను” అన్నాడు.

“ఏంటి?”

“తిప్పనురా. అందరూ పెళ్లికి రండి. విందు ఉంది.”

“సాక్సులతోనా?”

“నేనూ సాక్సులతోనే ఉన్నాను కదా” అని కాలెత్తి చూపించాడు ఫిర్మిన్. పెళ్లి కోసం కొన్న కొత్త జత, ఇంకా చీటీ వేలాడుతోంది.

ఇంజను గట్టిగా నొక్కాడు. ‘ఓర్పు’ అంత వేగంగా వెళ్లడం ఆ నది మీద ఎవరూ చూడలేదు. వెనక నుంచి వచ్చే బాతులు కొంతదూరం పోటీ పడి, అవమానంగా ఒడ్డుకి పోయాయి.

లాకు మలుపు తిరగగానే రేడియో తీశాడు. ఆ రేడియోలో మాట్లాడితే పక్క లాకుల వాళ్లూ, దారిలో ఉన్న పడవలవాళ్లూ అందరూ వింటారు. అది అతనికి తెలుసు.

“ఓర్పు నుంచి లాకుకి. దిగువకి వస్తున్నాను. తలుపు తియ్యాలి.”

రేడియో గరగరమంది. తర్వాత సిడోనీ గొంతు వచ్చింది. ఏ పడవనైనా అడిగే మామూలు ప్రశ్నలే అడిగింది.

“సరుకేంటి?”

“మనుషులు.”

“ఎంత?”

“పడవ నిండా. బీరు కూడా.”

“సరుకు బూట్లు వేసుకుందా?”

“లేదు.”

మళ్లీ గరగర. ఆమె నవ్విందో, మైకు పక్కకి తీసిందో తెలియలేదు. మళ్లీ వచ్చిన గొంతులో నవ్వు లేదు.

“తిరుగు ప్రయాణం ఎప్పుడు?”

వెనక్కి వెళ్లలేనని చెప్పడానికి నిజమైన కారణమే ఉంది. జనం దిగాక పడవ తేలుతుంది, నీళ్లు తగ్గేదాకా ఆ వంతెన కింద మళ్లీ పట్టదు. జీవితంలో మొదటిసారి నీళ్లు నిజంగా అతని పక్షాన ఉన్నాయి. అడిగిన వాళ్లెవరైనా ఒప్పుకునేవాళ్లు. పడవ కడుపులో జనం మాటలు ఆపి, తలలెత్తి అతని కేసి చూస్తున్నారు.

“తిరుగు ప్రయాణం లేదు” అన్నాడు ఫిర్మిన్. “నాకు రావాలని ఉంది, వచ్చాను.”

రేడియోలో ఎవరో పక్క లాకు ముసలాయన “అబ్బో!” అన్నాడు. “నువ్వు పక్కకి తప్పుకో మామా, పని జరుగుతోంది” అంది సిడోనీ.

లాకు తలుపులు నెమ్మదిగా విచ్చుకున్నాయి. సిడోనీ పైన ఆకుపచ్చ పెళ్లి గౌనులో, దాని మీద ఉద్యోగం కోటుతో, చేతిలో కొక్కెం కర్రతో నిలబడి ఉంది. కుర్రాడు ఉత్సాహం పట్టలేక బాకా ఎత్తి పెళ్లి పాట అందుకున్నాడు.

“ఆపరా!” అని అరిచింది సిడోనీ. “తలుపు పళ్లచక్రం చప్పుడు నాకు వినపడాలి. ఇది మూశాక ఊదుకో, తెల్లారేదాకా ఊదుకో. ఫిర్మిన్, మోకు ఇటు విసురు!”

ఫిర్మిన్ విసిరాడు. మొదటి విసురుకే ఆమె అందుకుంది.