అగ్గిపెట్టెలు అడిగి తీసుకునే తాత

ఆ రోజు పొద్దున ఎదురింటి అరుగు మీద రేకు డబ్బా మూత తీసి ఉంది. లోపల మూడు అగ్గిపెట్టెలు, ఒక లైటరు. తాత ఆ డబ్బాను ఎప్పుడూ అలా వదిలేవాడు కాదు. నేను చూస్తుండగానే ఆయన కోడలు బయటికి వచ్చింది. "మామ ఎంత లేపినా లేయలేదు పాపా" అంది. రొమ్ములో నిమ్ము చేరి నెలన్నరగా మంచం మీద ఉన్నాడు. సాయంత్రం జనాజా లేచింది, తాతను మోసుకుపోయారు. నేను మా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన మా ఊరి కొండ మీది చెట్లకు కాపలాదారు. నాకు బంధువు కాడు. ఊరంతటికీ తాతే.

ఐదేళ్ల కిందట ఆ చెట్లు లేవు. కొండంతా బండలు, బోదగడ్డి. ఒక సంస్థవాళ్లు వచ్చి వేప, కానుగ, నేరేడు నాటుదామన్నారు. చెట్లు గాలిలోని పొగను పట్టి ఉంచుతాయట. అవి బతికి ఉన్నన్నాళ్లు, పొగ వదిలే విదేశీ కంపెనీలు ఏటా మన ఊరికి డబ్బు ఇస్తాయట. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. రాయదుర్గం కాన్వెంటులో చదివినదాన్ని కాబట్టి, దాన్ని తెలుగులో చెప్పమని నన్ను బడి వరండాలో నిలబెట్టారు.

నలుగురు నా ముఖం చూస్తే నాకు గొంతు రాదు. పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది. ముప్పై ఏళ్లలోపు చెట్లు కాలిపోయినా, నరికేసినా, అప్పటిదాకా ఇచ్చిన డబ్బంతా ఊరు తిరిగి కట్టాలి. నేను తలెత్తి చూశాను. అందరూ సంతోషంగా ఉన్నారు. బోరు ఎక్కడ వేయాలో అప్పుడే మాట్లాడుకుంటున్నారు. ఆ వాక్యం చదవకుండా పేజీ తిప్పేశాను.

సాయంత్రం తాతకు ఒక్కడికే చెప్పాను. ఆయన కోప్పడలేదు. మరునాడు నన్ను మళ్లీ అదే వరండాకు తీసుకుపోయాడు.

"పాప నిన్న ఒక మాట మింగింది. ఈ పొద్దు చెప్తాది. ఎవురూ ఆ పిల్ల మొగం చూడొద్దండి. గోడ చూడండి."

నిజంగానే అందరూ గోడకేసి తిరిగారు. నేను చదివాను.

వానలకు ముందు ఎండుగడ్డి తగలబెడితే తర్వాత లేత చిగురు వస్తుందని మా వైపు గొర్రెలవాళ్లు ఏటా కొండకు నిప్పు పెడతారు. వాళ్లలో ఒకాయన లేచాడు.

"ముప్పై ఏండ్లు అగ్గి పెట్టకుంటే గొర్లు ఏం తినల్ల తాతా? నీ గడ్డమా?"

"నా గడ్డం చాలదు లేప్పా. నేనూ గొర్లు కాసినోణ్నే. నేను పెట్టినంత అగ్గి నువ్వు పెట్టింటావా? కొండ బోడైంది నా అగ్గితోనే."

దారి కూడా ఆయనే చెప్పాడు. చెట్ల చుట్టూ పది బారల వెడల్పున ఒక పట్టీలా గడ్డిని మనమే ముందుగా కాల్చేద్దాం. గొర్రెలకు చిగురు అక్కడ వస్తుంది. రేపు యాడనుంచో పెద్ద మంట వచ్చినా, తినడానికి గడ్డి దొరక్క ఆ పట్టీ దగ్గరే ఆగిపోతుంది. ఆ మాట మీద అందరూ సంతకాలు పెట్టారు.

ఏటా చలి చివర్లో, తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే తాత నలుగురిని వెంటబెట్టుకుని పోయేవాడు. ఒక ఏడు నేనూ నీళ్లబిందెతో పోయాను. గడ్డి చిటపటమనగానే వెనక్కి పరుగెత్తాను. ఆయన పచ్చి కానుగ కొమ్మతో అంచు వెంట కొట్టుకుంటూ, మంటను గొర్రెను మళ్లించినట్టు మళ్లించాడు.

"మంచు ఉన్నన్నాళ్లే పాపా అగ్గి మన మాట వినేది. మంచు పోయినాక అది ఎవురి మాటా వినదు."

తక్కిన రోజులన్నీ అరుగు మీదే. కొండకు పోయే బాట ఆ ఇంటి ముందు నుంచే.

"ఏమప్పా, జోబు చూపీ."

"బీడీ లేకుంటే కాళ్లాడవు తాతా."

"కాళ్లాడకుంటే ఈడే కూర్చో. కొండ యాడికీ పోదు."

అగ్గిపెట్టె డబ్బాలో పడేది. దిగి వచ్చేటప్పుడు ఎవరిది వాళ్లకు ఇచ్చేసేవాడు; మరిచిపోయినవాళ్లవి డబ్బాలోనే ఉండేవి. జబ్బు పడ్డాక మంచం అరుగు మీదికి వేయించుకుని, పడుకునే చెయ్యి చాపేవాడు.

నాకు అన్నిటికీ భయమేనని ఒకసారి చెప్పాను. "భయపడేవాళ్లకే కాపలా ఇయ్యల్ల. భయం లేనోడు నిద్రపోతాడు" అన్నాడు. తర్వాత నవ్వి, "ముప్పై ఏండ్లంటే నేనుండను, నువ్వుంటావు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంకా ఇరవై ఐదేళ్లు ఉన్నాయి. వచ్చిన డబ్బు బోరైంది, బడికి పైకప్పైంది. తిరిగి ఇమ్మంటే ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేదు. పొలాలు అమ్మాలి. ఆ వాక్యాన్ని ఊరికి వినిపించిన గొంతు నాది. తాతకు నేను రుణపడిందీ ఆ గొంతుకే. ఇప్పుడు అందులోంచి, కొండెక్కేవాళ్లను ఆపి "అగ్గిపెట్టె ఇచ్చి పోండి" అనే ఒక్క మాట రావడం లేదు.

రోజూ తెల్లవారుతూనే కొండ కిందికి పోయి గడ్డిలో చెయ్యి పెట్టి చూస్తున్నాను. వారం రోజులుగా మంచు లేక చెయ్యి తడవడం లేదు. గాలి మొదలైంది. నడుమెత్తు బోద, బాట దగ్గర నుంచి వేపమొదళ్ల దాకా ఎక్కడా తెగకుండా, మొత్తం ఒకేసారి చెట్ల వైపు వంగుతోంది.

తాత మంచాన పడింది సరిగ్గా ఆ పనికి పోవలసిన వారంలోనే. లేచినాక పోదాం అన్నాడు. అందరం సరే అన్నాం. ఈ ఏడు పట్టీ కాల్చలేదు.