మూడిళ్ళ పన్హె, ఒక్క ఉఖాణా

మొన్న చైత్రంల నేను మా ఆయన పేరు నలుగుట్ల చెప్పి ఒక ఇల్లు సంపాయించిన. ఎట్లనో చెప్త వినుండ్రి. చాయ్ మీరు తాగుండ్రి, నాకొద్దు. ఎందుకొద్దో అదే కథ.

మీకెర్కే గద, మా ఆయన నాందేడ్ స్టేషన్ల గూడ్స్ క్లర్కు. నిజామాబాద్ నుంచి బదిలయి అచ్చినకాడికెంచి ఒక వాడల, అంటె నడుమ పెరడున్న పెద్ద పాతింట్ల, కిరాయికున్నం. నాలుగు కుటుంబాలకు ఒక్కటే పాయఖాన, అది గూడ పెరడు చివర. అందరికి నడుస్తది, నాకు నడవది. నాకు ఒంటికొస్తె ఆగదు. పొయ్యి మీది పాలు పొంగినట్టు, ఇంక టైమున్నది అనుకునేలోపట్నే అచ్చి మీద పడ్తది. గంటకొకసారి చెంబు వట్టుకొని పెరట్ల ఉరుకుతుంటె అరుగు మీది ముసలోళ్ళు పేపర్ దించి చూస్తరు. సిగ్గుతోని సచ్చిపోతుంటి.

లేడీ డాక్టర్ దగ్గరికి పోతె అన్ని పరీక్షలు చేసింది. "షుగర్ లేదు, లోపట పుండు గిట్ల లేదు. నీ మూత్రం సంచికి తొందరెక్కువ, అంతే. చాయ్ తగ్గియ్యి. నీళ్ళు మాత్రం బందు చెయ్యకు, బందు చేస్తె ఇంకింత మండుతది, ఇంకింత తొందర పెడ్తది. పిలువంగనే ఉరకకు. కదలకుండ కూసొని బిగవట్టు, మెల్లగ ఊపిరి తీస్కో, మనసును ఇంకోకాడికి పంపు. తొందర తగ్గినంక నిమ్మళంగ నడువు" అన్నది.

గీ మాటలన్ని మంచిగనే విన్న. పాటించింది మాత్రం నా సొంత తెలివి.

మా వాడలనే పక్క వాటా సుమన్‌తాయి ఒకనాడు అచ్చి చెప్పింది. "అందరు కాకు అని పిలిచే పెద్దమ్మ ఉన్నది గద, ఆమె ఇంట్ల మీది రెండు గదులు ఖాళీ అయినయి. పాయఖాన ఇంట్లనే, మెట్ల కింద. వాడేది కాకు ఒక్కతే, ఆమె మొగడు కాకా భోకర్ ఊర్ల చేను కాడనే ఉంటడు. గని నీళ్ళు ఎక్కువ ఖర్చు చేసెటోళ్ళంటె ఆమెకు పడదు. రేపు ఆమింట్ల హల్దీకుంకు ఉన్నది, నిన్ను చూస్తనన్నది."

మెట్ల కింద పాయఖాన! నాకు ఆ రాత్రి నిద్ర వట్టలే. ఆ మెట్లు, ఆ తలుపు, ఎవ్వరు చూడకుండ నేను చీర కుచ్చిళ్ళు వట్టుకొని దిగుడు, గదే కండ్ల ముందట ఆడింది.

చైత్రంల మరాఠోళ్ళు గౌరమ్మను చిన్న ఉయ్యాలల కూసోవెట్టి, ముత్తయిదువలను పిలిచి పసుపు కుంకుమ పెడ్తరు. పన్హె ఇస్తరు. ఉడికిచ్చిన మామిడికాయ, బెల్లం, ఏలక్కాయ కలిపిన సల్లటి నీళ్ళు. వద్దంటె గౌరమ్మను వద్దన్నట్టే. అందుకని నేను పొద్దుగాలకెంచి నీళ్ళ సుక్క ముట్టలే. కడుపు ఎండుకపోతె వచ్చేటందుకు ఏముంటదని నా లెక్క.

నాందేడ్ ఎండలు మీకెర్కే. ఆనాడు మూడిళ్ళకు పిలుపు. మొదటింటికి పోయేసరికి నాలుక అంగిట్లకు అతుక్కున్నది. గ్లాసు నోటికి పెడితె ఖాళీ అయినదాక దించలే. రెండో ఇంట్ల గూడ గదే కత. మూడోది కాకు ఇల్లు. అక్కడ కాకే చేతికిచ్చి, "అగ, ఇంకో గ్లాసు తీస్కో, పోరీ" అన్నది. తీస్కున్న.

ఆ ఇల్లెంత సల్లగున్నదని! దర్వాజలకు తడిపిన వట్టివేళ్ళ తడికెలు, ఎర్రటి బండలు, లోపట మసక మసక. మల్లెపూల వాసన. గౌరమ్మ ఉయ్యాల కిర్రుకిర్రుమని ఊగుతుంది. ఆడోళ్ళ గాజుల సప్పుడు యాడనో దూరంగ వినొచ్చింది. కండ్లు బరువైనయి. జన్మంత ఇట్లనే కూసుందమనిపించింది. గప్పుడు అచ్చింది.

డాక్టరమ్మ చెప్పినట్టు కదలలే. బిగవట్టిన. ఊపిరి తీస్కున్న. మనసును ఎండిన కాడికి పంపుదమనుకొని మా అమ్మగారి ఊరి జొన్నచేనుకు పంపిన. అది కొంచెం దూరం పోయింది. పత్తి చేన్లు దాటింది, తెల్లటి పత్తి గాలికి ఊగుతుంది, నేను ఊగుతున్న. నడుచుకుంట నడుచుకుంట నా మనసు పోయి గోదావరి ఘాటు మెట్ల మీద కూసున్నది. వానకాలం గోదారి. ఒడ్డు నుంచి ఒడ్డుదాక నీళ్ళే నీళ్ళు.

ఉలిక్కిపడి లేవబోయిన. సుమన్‌తాయి కొంగు గుంజింది. "ఉఖాణా చెప్పకుండ లేస్తవా?"

ఉఖాణా అంటె మొగని పేరు పాటల పెట్టి చెప్పుడు. చెప్పనిదె ఆడోళ్ళు కదలనియ్యరు. సుమన్‌తాయి నేర్పిన మరాఠీ ఉఖాణా వారం బట్టి బట్టీ కొడుతుంటి. నోరు తెరిస్తె ఒక్క మాట గుర్తులే. అందరు చుట్టు మూగిన్రు. కాకు నా ముందట్నే నిలవడ్డది. ఏమైతె అదయితదని తెలుగుల అందుకున్న:

"గోదారమ్మ నిండుగున్నది, గౌరమ్మ చూస్తున్నది,
నరసింగరావు పేరు చెప్తున్న, తొవ్వ ఇడువుండ్రి, ఒంటికి పోతున్న!"

బార్డర్ ఊర్ల నుంచి అచ్చినోళ్ళల్ల సగం మందికి తెలుగచ్చునని నాకేం ఎర్క? మర్ఖేల్ ఊరామె మొదలు నవ్వింది, తర్వాత మరాఠీల చెప్పింది, ఇంక ఇల్లంత నవ్వుడే. నేను ఆ నవ్వుల నడుమకెంచి మెట్ల కిందికి ఉరికిన.

బయటికి అచ్చేసరికి కాకు ఒక్కతే తలుపు కాడ నిలవడ్డది. ఇల్లు పోయిందనుకున్న. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"ఎన్నేండ్ల నుంచే?" అని అడిగింది మెల్లగ. అంత చెప్పిన. డాక్టరమ్మ చెప్పింది మల్లమల్ల చెప్పిచ్చుకున్నది. అటు ఇటు చూసి, "నాది గూడ గదే బాధ, పోరీ. ఎవలకు చెప్తం? సోమవారం సామాను తెచ్చుకో" అన్నది.

తెచ్చుకున్న. ఇప్పుడు నేను నీళ్ళు మంచిగ తాగుతున్న, చాయ్ ఇడిసిపెట్టిన, కొంచెం ఆపుకునుడు గూడ నేర్చుకున్న. గని ఏం లాభం? ఆ తలుపు ఎప్పుడు తట్టినా లోపట కాకు ఉంటది. ఒకసారి పోయిందంటె రేడియోల వార్తలు మొత్తం అయినంకనే బయటికొస్తది.

అందుకని రోజూ పొద్దుగాల పాత వాడకు పోత, కొంగు కింద చెంబు దాసుకొని. సుమన్‌తాయి మురిసిపోతది, "మమ్ముల ఇడిసి ఉండలేకపోతున్నవు గద బాయి" అని.