ఒకటే కాటా

కరోనా తగ్గిన రెండేళ్లకు, ఎండాకాలం మొదట్లో, కామాటిపురాలో మేమంతా వరస గదుల్లో ఉండే మా చాల్ కింద కూరగాయల కొట్టు పెట్టాను. అంతకుముందు అదే గల్లీ మొదట్లో ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి అమ్మేదాన్ని. కొట్టు పెట్టిన గాలా, అంటే రోడ్డు వైపు తలుపున్న చిన్న గది, సత్తెమ్మత్తది. ఆమె నాకు చుట్టం కాదు. మా చాల్‌లో తెలుగు ఆడవాళ్లందరికీ ఆమె అత్తే. పాలమూరు నుంచి కట్టడం పనులకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో ఆమె మామ ఒకడు, మా తాత ఒకడు. "ఎండల కూసుండి ఇంకెన్నొద్దులు అమ్ముతవే పద్మా, నా గాలా ఖాళీగనే ఉన్నది, వాడుకో" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఇదంతా చెబుతున్నప్పుడు కూడా మరిచిపోలేదు.

ఇలాంటి కొట్టును జీరో వేస్ట్ స్టోర్ అంటారని నాకు తర్వాత తెలిసింది. నేను పెట్టుకున్న నియమాలు రెండే. ప్లాస్టిక్ సంచి ఇవ్వను. ఒక్క ఆకు కూడా చెత్తబండి ఎక్కకూడదు. వానాకాలంలో మా గల్లీ గటర్ పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడల్లా అడ్డం పడేవి సంచులే. వాటిని కట్టెతో పొడిచి పొడిచి విసుగొచ్చింది. అందుకే కావలసినవాళ్లు ఇంటి నుంచి గిన్నె తెచ్చుకోవాలన్నాను.

గిన్నెతో తూచడానికి ఒక పద్ధతి ఉంది. ఖాళీ గిన్నెను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి టేర్ అనే బొత్తం నొక్కాలి. కాటా గిన్నె బరువును వదిలేసి సున్నా చూపిస్తుంది. ఆ తర్వాత అందులో పడిన కూరగాయల బరువే లెక్కలోకి వస్తుంది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. "నా గిన్నె నాకే అమ్ముతవా?" అని గయ్యిమన్నారు. రెండుసార్లు తూచి చూపిస్తే ఊరుకున్నారు. మా వాళ్ల స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కి ఉంటాయి, పెళ్లిలో పెట్టినవాళ్లవో, కొనుక్కున్నవాళ్లవో. ఇప్పటి కోడళ్లకు తెలుగు చదవడం రాదు గానీ, ఆ అక్షరాల వంపు చూసి ఎవరి గిన్నో చెప్పేస్తారు. కొత్తిమీర కొసరు మాత్రం నేను మానలేదు. కొసరు లేని బేరం మా వాళ్లకు బేరమే కాదు.

రెండో నియమం నిలబెట్టింది బాలమణి. మా వార్డులో చెత్తబండి మీద కాంట్రాక్టు పని చేసేది. తనూ పాలమూరు వైపు మనిషే, వచ్చి కొన్నేళ్లే అయింది. డ్యూటీ దిగాక నా కొట్టుకొచ్చి తొక్కలు, కుళ్లిన ఆకులు ఎత్తుకెళ్లి చాల్ వెనక డ్రమ్ముల్లో ఎరువుకు వేసేది. ఎండుటాకులు కలిపి, కర్రతో తిప్పి, తడి చూసి మూతపెట్టేది. నా కొట్టుకున్న జీరో అనే పేరు ఆమె చేతుల మీద నిలబడింది.

ఒకరోజు పొద్దున ఆమె స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చింది. చేతిలో సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నె. "అక్కా, ఇయ్యాల నేను కొననీకె వచ్చిన" అంది నవ్వుతూ. టమాటాల బుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూసి ఏరడం మొదలుపెట్టింది. ఎంతకీ తెమలదు.

"పెండ్లికొడుకును సూస్తున్నవా ఏందే?" అని ఆటపట్టించాను.

"బయట నన్నెవలు ఏరుకోనిస్తరక్కా? నేను దూరం నిలవడి చెప్తె, వాళ్లే కవర్ల ఏసి ఇస్తరు. మెత్తబడ్డయన్ని అడుగున ఉంటయి" అంది.

ఆమె గిన్నె కాటా మీద పెట్టి టేర్ నొక్కాను, తూచాను, కొత్తిమీర వేశాను. వెనకే సత్తెమ్మత్త నిలబడి ఉంది. ఆమె గిన్నె కోసం చేయి చాచాను. ఆమె దాన్ని కొంగు కిందికి లాక్కుంది.

"ముందు కాటా కడుగు."

"ఎందుకత్తా, మట్టయిందా?"

"ఎందుకో నీకెర్క లేదా? కచ్రా ఎత్తేదాని గిన్నె పెట్టిన కాడ నా గిన్నె పెడ్తవా? మేం అన్నం తినే గిన్నె ఇది."

కొట్టులో ఉన్న మిగతా ఆడవాళ్లు గిన్నెలు దగ్గరికి తీసుకున్నారు. బాలమణి తన టమాటాల వంక చూస్తూ నిలబడిపోయింది. ఆ మొహం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ఇన్నేళ్లూ ఆ ప్లాస్టిక్ సంచి మా మధ్య ఏం పని చేసిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. సంచి ఎవరిదీ కాదు, దానికి ఇల్లు లేదు, కులం లేదు. దూరం నుంచి అందించొచ్చు, దూరం నుంచి అందుకోవచ్చు. అది పోయేసరికి ఎవరి గిన్నె వాళ్ల ఇంటినీ వాళ్ల పనినీ వెంటబెట్టుకుని కాటా దగ్గరికి వచ్చింది. సంచులు తీసేస్తే గటర్ శుభ్రమవుతుందని మాత్రమే నేను అనుకున్నాను. దాని అడుగున ఏముందో ఆలోచించలేదు.

"కడగనత్తా" అన్నాను. ఆమె గిన్నెతో వెళ్లిపోయింది. ఆమె వెనక మిగతావాళ్లూ వెళ్లారు.

సాయంత్రం సత్తెమ్మత్త కోడలు కవిత రాజీకి వచ్చింది. మంచి పిల్ల, గొడవంటే భయం. "వదినా, బాలమణికి వేరే తట్ట పెట్టు. ఆమె చెప్తది, నువ్వు ఏరి తట్టల తూచి ఇస్తవు, ఆమె గిన్నె కాటా ఎక్కదు. బస్, ఖతం. అత్త కూడ చుప్ అయితది" అంది.

తొక్కలు ఎత్తుతున్న బాలమణి తల ఎత్తింది. "పెట్టక్కా. నా మూలంగ నీ ధందా ఎందుకు ఖరాబ్ చేసుకుంటవు? నేను నాగ్‌పాడా బజార్ల తెచ్చుకుంట."

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. "నీ కోసం చేస్తున్ననుకుంటున్నవా నువ్వు? కాటా నాది. దాని మీద ఏ గిన్నె పెట్టాలె, ఏది పెట్టొద్దని ఇంకొకలు చెప్పుడేంది? వేరే తట్ట పెట్టిన నాడు ఈ కొట్టు మూస్త. పోయి మీ అత్తకు చెప్పు."

మరునాడు గ్రేడింగ్ చేసి కూర్చున్నాను. గ్రేడింగ్ అంటే ఆ రోజే అమ్ముడు పోవాల్సిన సరుకు ముందు, రేపటిదాకా ఆగేది వెనక పేర్చుకోవడం. మా చాల్ ఆడవాళ్లు ఎవరూ లోపలికి రాలేదు. నా ముందు నుంచే రంగురంగుల ప్లాస్టిక్ సంచులు ఊపుకుంటూ పోయారు. ఎక్కడ దొరికాయో ఆ సంచులు, నాకు చూపించడానికే తెచ్చినట్టున్నారు. ఆ మరునాడూ అంతే. వంకాయలు నిగారింపు పోయాయి, గోరుచిక్కుళ్లు వడిలాయి. బాలమణి రోజూ వచ్చి తన గిన్నెలో పట్టినన్ని కొనుక్కుని వెళ్లేది. ఆ ఒక్క గిన్నెతో కొట్టు నడుస్తుందా? కుళ్లబెట్టనని పెట్టిన కొట్టులో బుట్టలకు బుట్టలు ఎరువు డ్రమ్ము పాలయ్యేలా ఉన్నాయి. తలుపు దగ్గరికి వేసుకుని కోపంతో ఏడ్చాను.

ఏడుపయ్యాక మా నాయనమ్మ ఒరుగులు గుర్తొచ్చాయి. కూరగాయలు చవగ్గా దొరికే రోజుల్లో కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి వానాకాలానికి దాచేది. నేను బుట్టలన్నీ చాల్ మిద్దె మీదికి మోశాను. బాలమణి ఇంటి నుంచి కత్తి తెచ్చుకుంది.

"నేను ఆ పక్కకు కూసోనా అక్కా?"

"నా ఎదురుంగ కూసో. నువ్వు సన్నగ కోస్తున్నవో దొడ్డుగ కోస్తున్నవో నాకు కనపడాలె."

వంకాయ, కాకర, గోరుచిక్కుడు, టమాటా, అన్నీ కోసి పాత చీరల మీద ఆరబోశాం. సముద్రపు గాలికి ముక్క తొందరగా ఎండదు. పొద్దు వాలగానే లోపలికి తేవడం, మళ్లీ పొద్దున పరచడం. ఎదుటి గ్యాలరీల్లోంచి అందరూ చూస్తూనే ఉన్నారు. చూడనీ అనుకున్నాను. దాచి చేసే పని కాదు కదా.

ఎండిన ముక్కల్ని జాడీలకెత్తి కొట్టులో పెడుతుంటే కవిత మళ్లీ వచ్చింది. "ఎవలు కోసిన్రో చెప్పకు వదినా. అడిగితె నువ్వే కోసినవని చెప్పు. అన్ని అమ్ముడయితయి."

"గట్ల అమ్మితె ప్లాస్టిక్ సంచిల పెట్టి అమ్మినట్టే కవితా" అన్నాను. ఆమె ముందే ఒక క్రేట్ పలక ఊడదీసి, సుద్దముక్కతో తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో రాశాను: బాలమణి కోసిన ఒరుగులు. బాలమణికి చదవడం రాదు. చదివి వినిపిస్తే సిగ్గుపడింది. "నా పేరెందుకక్కా?" అంది. కోసింది నువ్వు కాబట్టి అన్నాను. జాడీల ముందు పలక నిలబెట్టాను.

ఆ పలక సత్తెమ్మత్తకు బాగానే తగిలింది. ముందు గాలాలో బల్బు వెలగడం మానేసింది. తర్వాత నల్లా నీళ్లు నాకు అందకుండా పోయాయి. పొమ్మనలేక పొగబెట్టినట్టు కొన్నాళ్లు సాగదీసి, చివరికి మొహం మీదే అడిగింది. "వానలు పడకముందే గాలా ఖాళీ చెయ్యి పద్మా. లేకుంటె వేరే తట్ట పెట్టు. నీ ఇష్టం."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. "నువ్వు చేసిన మేలు యాదుంటదత్తా. కాటా మాత్రం కడగ." పైకి గట్టిగానే అన్నాను. రోడ్డు మీదికి వచ్చాక, ఇప్పుడెక్కడికి అని చోటు వెతుక్కుంటూ నడిచాను.

నాగ్‌పాడా వైపు, బాలమణి ఉండే గల్లీ మొదట్లో, ఒక రేకుల చాటు దొరికింది. బుట్టలు అక్కడ సర్దాను. కాటాకు మధ్యలో చోటు చూసి పెట్టాను. అక్కడి గిరాకీ వేరు. పనుల నుంచి తిరిగొచ్చే పాలమూరు కూలీలు పొద్దున అన్నం తిన్న టిఫిన్ డబ్బాల్లోనే కూర కొనుక్కుపోయేవాళ్లు. పక్క వర్క్‌షాపుల వాళ్లు మూకుళ్లు పట్టుకొచ్చేవాళ్లు. వాళ్లెవరూ కాటా కడగమనలేదు.

వానలు పట్టుకున్నాయి. ఆకుకూర బురదతో వచ్చేది, సాయంత్రానికి జిగురు పట్టేది. అప్పుడు పాత గల్లీ నుంచి ఒక్కొక్కరే ఒరుగుల కోసం రావడం మొదలైంది. పలక చదివి కొందరు వెనక్కి తిరిగారు. చదివీ కొందరు కొన్నారు. చదవకుండా కొనబోయినవాళ్లకు నేనే గట్టిగా చదివి వినిపించాను. అమ్ముకునేదానికి ఇంత పొగరేమిటని అన్నవాళ్లున్నారు. అవును, ఉంది.

ఒక మధ్యాహ్నం కవిత గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. చేతిలో పెద్ద స్టీలు గిన్నె. దాని మీద చెక్కిన పేరు నాకు దూరం నుంచే తెలిసింది. ఆ రోజు కొంగు కిందికి పోయిన గిన్నె అదే.

"అత్తకు నోరు చప్పగున్నదంట వదినా. వంకాయ ఒరుగులు తెమ్మన్నది."

"కోసింది ఎవలో తెల్సా ఆమెకు?"

"తెల్సు. మిద్దె మీద కోస్తుంటె రోజూ సూసింది కద."

ఆ గిన్నెను వెనక్కి పంపాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. నువ్వే వచ్చి నీ చేత్తో కాటా మీద పెట్టమని కబురు పంపితే నా కడుపు చల్లబడేది. కానీ ఒకరి గిన్నెను దూరం పెట్టననే కదా నేను గాలా పోగొట్టుకున్నది. ఇప్పుడు అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఆమెకూ నాకూ తేడా ఏముంటుంది?

బాలమణి అప్పటికి మధ్యాహ్నాలు నా దగ్గరే కూర్చునేది. "నువ్వు తూచు" అన్నాను.

ఆమె ఆ గిన్నెను రెండు చేతులతో అందుకుంది. వాన తడిని కొంగుతో తుడిచింది. కాటా మీద పెట్టి టేర్ నొక్కింది. అంతకుముందు తన సొట్టల గిన్నెకు చూపించినట్టే కాటా సున్నా చూపించింది. ఒరుగులు తూచింది. తర్వాత జాడీలో చేయి పెట్టి ఇంకో గుప్పెడు తీసి గిన్నెలో వేసింది.

"గిది కొసరు. బాలమణి ఏసిందని చెప్పు మీ అత్తకు" అంది కవితతో.

సత్తెమ్మత్త ఇంతవరకు తను రాలేదు. గిన్నె వస్తూనే ఉంది. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ప్లాస్టిక్ మానేయడం కష్టం కాదు, ఆకు వృథా కాకుండా చూసుకోవడమూ కష్టం కాదు, చేతులుంటే వస్తాయి. నీ కొట్టులో ఎవరి చేయి ఎక్కడిదాకా రావచ్చో ఇంకొకరు గీత గీస్తే ఒప్పుకోకపోవడమే కష్టం. అందుకు చేతిలో ఉన్నది కూడా పోతుంది, పోనివ్వాలి.

ఇప్పుడు సాయంత్రాలు రేకుల కింద నిలబడే చోటు ఉండదు. గిన్నెలు, డబ్బాలు పట్టుకుని వరస కడతారు. మొన్న ఒకావిడ విసుక్కుంది. "ఇంత గిరాకీ ఉన్నది, ఇంకో కాటా కొనరాదా అక్కా?"

"కొనను" అన్నాను. "నిలవడు. నీ ముందటామె గిన్నె దిగినంక నీది ఎక్కుతది."