పడవా సామానే

అట్లాంటిక్ దాటి మా దీవిలోని ఓర్టా రేవుకు ఏ పడవ వచ్చినా, యజమాని తరఫున దిగుమతి పన్ను కాగితాలు చూసేది ఏజెంటు దుల్సె గౌలార్టే. అరవయ్యేళ్ల మనిషి. చెప్పులు విడిచి చేత పట్టుకుని పడవెక్కుతుంది. పడవ వెనక చెక్కిన నంబరును వేలితో తడిమి చదివాకే యజమానిని పలకరిస్తుంది. పన్ను తగ్గేలా పడవ ధర తగ్గించి రాయమని బతిమాలేవాళ్లు రోజూ ఉంటారు. "తక్కువ రాస్తే ప్రతి రేవులోనూ భయపడుతూ బతకాలి నాయనా. ఒక్కసారి కట్టెయ్, ఇక యూరప్‌లో నిన్నడిగేవాడుండడు," అంటుంది. వాళ్లు కట్టేస్తారు.

మొన్న వేసవిలో నతాలియా సిల్వైరా కెనడా నుంచి ఒంటరిగా పడవ నడుపుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత సొంత దీవికి తిరిగొచ్చిన వడ్రంగి. పన్ను కట్టే స్తోమత లేక పడవ అమ్మేస్తున్నానని, బేరం కూడా కుదిరిందని చెప్పింది.

"ఉండిపోవడానికే వచ్చావా?" అని అడిగింది దుల్సె.

"అవునక్కా. అక్కడ ఇల్లు ఖాళీ చేసేశాను."

"పడవ కొని ఎన్నాళ్లయింది?"

"తొమ్మిదేళ్లు."

"మరి పన్ను కట్టమని ఎవరన్నారే నీకు? మకాం మార్చుకుని వచ్చేవాళ్లు వాడుకుంటున్న సామానుకు పన్ను లేదు. పడవా సామానే!"

కస్టమ్స్ ఆఫీసులో కొత్తగా వచ్చిన అధికారి కుదరదన్నాడు. దుల్సె గొంతు పెంచలేదు. నియమాల పుస్తకంలో పేజీ తీసి అతని ముందు పెట్టింది. "పైకి చదువు నాయనా, నాకూ వినబడాలి." అతను సగం చదివి ఆగి, ముద్ర అందుకున్నాడు.

"ఏడాదిదాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు," అని ఆఫీసు మెట్ల మీద హెచ్చరించింది దుల్సె.

నతాలియా కళ్లు తుడుచుకుని, బేరమాడినవాడికి ఫోన్ చేసింది. "నా పడవ అమ్మడం లేదండీ," అంది, రేవంతటికీ వినబడేలా.