రాక్షసి డబ్బాలో చింతపిక్కలు

నా నోరే నా కొంప ముంచిన మధ్యాహ్నం గురించి చెబుతాను. నవ్వుకోండి గాని, చివర్లో నా మీద జాలిపడకండి. అంత అర్హత నాకు లేదు.

అప్పుడు నేను చీపురుపల్లి దగ్గర మా అత్తవారింటికి కాపురానికి వచ్చి రెండేళ్ళు. చదువు మూడో తరగతితో సరి. కథలంటారా, విన్నది మరచిపోయేదాన్ని కాదు, విననిది కల్పించేసేదాన్ని. ఆ వేసవిలో అందరం కూర్చుని చింతపండు పిక్క తీస్తుంటే, అయిదుగురు మాయదొంగల కథ మొదలుపెట్టాను. రోజుకో భాగం. పక్కింటి గున్నమ్మ వదిన టీవీ సీరియల్ మానుకుని మరీ వచ్చేది. కొత్తగా పెళ్ళయిన మా ఆడపడుచు రమణ నోరు తెరుచుకుని వినేది. మా అత్త మాత్రం చాప మీద అటు తిరిగి పడుకుని గురక పెట్టేది.

అయిదో భాగంలో దొంగలు రాక్షసి కోటలో దూరారు. అటక మీద, నువ్వుల కుండ వెనక, ఇత్తడి డబ్బాలో రాక్షసి ప్రాణమణులు. అది రోజూ పొద్దున్నే డబ్బా దింపి, చెవి దగ్గర ఊపి చూసుకుంటుంది.

ఆ అటక ఎవరిదో మీరు పట్టేసే ఉంటారు. మాదే. రమణ సారెలో మిఠాయికని అత్త దాచిన జీడిపప్పు ఆ డబ్బాలోనే ఉండేది. వియ్యాలవారి ఊళ్ళో ఇంటింటికీ పంచే మిఠాయి, పుట్టింటి పరువంతా అందులోనే. ఆ పరువును నేను రోజుకో గుప్పెడు చొప్పున నమిలేస్తున్నాను.

"మణులు తీసీస్తే డబ్బా తేలికయిపోదేటి? ఊపితే తెలిసిపోద్ది కదే," అంది గున్నమ్మ వదిన.

"తెలీదు వదినా."

"ఎలాగ తెలీదు? కత సెప్పడం రాకపోతే మానీ."

నన్నేమైనా అనండి, కథ చెప్పడం రాదని మాత్రం అనకండి. నూనెలో వేసిన అప్పడంలా నా రోషం పొంగింది. చేతిలోని పిక్కల్ని గలగలలాడించాను.

"దొంగోడు అడుగున సింతపిక్కలు పోసీసి, పైన ఒక వరస మణులు పరిసీసినాడు. బరువుకి బరువు, సప్పుడుకి సప్పుడు. పది రోజులయినాది, ఆ రాక్షసికి తెలిస్తే ఒట్టు."

గురక ఆగింది.

అత్త లేచి, కొప్పు ముడేసుకుని, లోపలికి వెళ్ళింది. నిచ్చెన కిర్రుమంది. డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. గుప్పెడు పప్పు, దాని మీద గుట్టెడు చింతపిక్కలు. రమణ ముఖం పాలిపోయింది.

"మిగతా కత నేను సెప్తాను," అంది అత్త తాపీగా. "రాక్షసికి రెండో రోజే తెలిసిపోనాది. మంచి మణులు దాని పెట్టిలో పెట్టి తాళమేసీసింది. పురుగు పట్టిన పాత మణులు డబ్బాలో పోసీసింది. దొంగెవరో తెలీక ఇన్నాళ్ళూ ఉత్తుత్తి గురక పెట్టింది. మీ మావే అనుకుని ఎనిమిది రోజులై ఆయనకి టీ ఆపీసినాను."

గున్నమ్మ వదిన నవ్వలేక పొట్ట పట్టుకుంది. "పురుగు పప్పని దొంగకి తెలీనేదేటే?"

తెలిసింది. మా అత్త ఎంత పిసినారి కాకపోతే సారెకి ఇలాంటి పప్పు కొంటుందని తిట్టుకుంటూ మరీ తిన్నాను.

ఆ సాయంత్రం మామకి రెండు గ్లాసుల టీ ఇచ్చి, చింతపండు గంప ముట్టి ప్రమాణం చేశాను. బతికి ఉండగా నా కథల్లో ఏ రాక్షసికీ ఇత్తడి డబ్బా ఇవ్వను. నా దొంగలందరూ ఏడు సముద్రాల అవతలే దొంగతనం చేసుకుంటారు.

జీడిపప్పు ఊసు ఆ ప్రమాణంలో లేదు.