అచ్చమ్మ పోసిన నీళ్ళు

ఎనభై ఏడు ఎండాకాలంలో మా దీవిలో, జంగ్లీఘాట్‌లో కుళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. అయినా దాహమని ఎవరు ఆగినా, చేపలమ్మే అచ్చమ్మ నీళ్ళ చెంబు అందించేది. అమ్మవారు ఆమెకు పిల్లల్ని ఇవ్వలేదు గానీ అంత మనసు ఇచ్చింది.

ఆ వేసవిలోనే పొరుగింటి గురువమ్మ కంటి ఆపరేషనుకని విశాఖపట్నం ఓడెక్కింది. తన గదిలో కిటికీ పక్కనున్న తమలపాకు తీగను అచ్చమ్మకు అప్పగించింది. సముద్రంలో పోయిన గురువమ్మ భర్త తాతబ్బాయి డాల్డా డబ్బాలో నాటిన తీగ అది.

"ఎండిపోనీకు వదినా."

"దానికంటే ముందు నేనెండుతాను గానీ, పోయిరా" అని నవ్వింది అచ్చమ్మ.

మాట నిలబెట్టుకుంది. రోజూ పొద్దున్నే తన బిందెలోంచి ఒక చెంబు పోసేది. ఆకులు వాడితే దాహమేమోనని సాయంత్రం మరో చెంబు. తను మాత్రం గంజి తాగి సరిపెట్టుకోవడం ఎదురింట్లో ఉండే నేను చూశాను.

నెలన్నరకు గురువమ్మ తిరిగొచ్చేసరికి తీగ పసుపెక్కి వేలాడుతోంది. కుళాయి దగ్గర అందరి ముందూ అరిచింది.

"నమ్మి అప్పజెప్తే సుక్క నీళ్ళు పోయనేదు! నీ దరమమంతా దారినపోయేవోళ్ళకేనేటి?"

అచ్చమ్మ బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మొక్కల నర్సరీలో పనిచేసే సత్యారావు గురువమ్మ గదికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మట్టిలో వేలు దించి, వాసన చూసి ముఖం చిట్లించాడు.

"పోయకపోడం కాదు దీదీ, పానీ జాస్తీ అయిపోనాది. దాహమేసినా ఆకు వాల్తాది, ములిగినా వాల్తాది. ముందు మట్టి ముట్టుకు సూడాల."

డబ్బా బోర్లించాడు. వేళ్ళు నల్లగా, మెత్తగా ఊడివచ్చాయి. అడుగు చిల్లులో గుడ్డ కుక్కి ఉంది.

"ఇదెవులు పెట్టినారు?"

పెట్టింది గురువమ్మే. నేల తడవకూడదని తనే కుక్కింది. తను పోసేది గుక్కెడే కనుక ఇన్నాళ్ళూ చెల్లింది. ఆ సంగతి అచ్చమ్మకు చెప్పనే లేదు.

సత్యారావు కుళ్ళినదంతా కోసేసి, పచ్చిగా మిగిలిన రెండు కణుపుల ముక్కను ఇసుక కలిపిన కొత్త మట్టిలో గుచ్చాడు. పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయమన్నాడు. మూడు వారాలకు చిగురు కనిపించింది.

అప్పుడు గురువమ్మ నన్ను వెంటబెట్టుకుని అచ్చమ్మ గడప దగ్గరకెళ్ళింది.

"తప్పు నాదే వదినా. తీగ బతికింది."

"బతికిందా? మంచిదే. కుళాయికాడ ముప్పై మంది ముందు అన్నావు. ఇక్కడికొచ్చి సెవిలో సెప్తున్నావేటి?"

మర్నాడు కుళాయి వచ్చింది. అందరం బిందెలతో నిలబడ్డాం. గురువమ్మ తనది నింపుకుని, తలవంచుకుని వెళ్ళిపోయింది. వరసలో నా వెనకే ఉన్న అచ్చమ్మ ఎవరి వంకా చూడలేదు. సంగతంతా తెలిసిన నేనూ నోరెత్తలేదు.