ముట్టమాకో, మానమాకో

నిమ్మకాయ లాగితే అక్క చిటికెనవేలి గోరు దానితో పాటే ఊడి వచ్చింది. రక్తం పెద్దగా రాలేదు. అక్క అరవలేదు కూడా. పరీక్షకు ఇంకా ఎన్నాళ్ళుందో ఆ ఎడమచేతి వేళ్ళ మీదే లెక్కపెట్టబోయి, చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఇది అరవై ఏళ్ళు దాటిన మాట. మొన్న మనవరాలి వెంట నెల్లూరులో గోళ్ళకు రంగులూ అతుకులూ వేసే దుకాణానికి వెళ్ళబట్టి మళ్ళీ గుర్తొచ్చింది. గోళ్ళు దిద్దిన అమ్మాయి మూతికి మాస్కు కట్టుకునే, ఇంటికి పోయాక ఏం చేయాలో ఏం చేయకూడదో గబగబా చెప్పేసింది. ఆటో ఎక్కాక మనవరాలికి అనుమానం వచ్చింది. "తడి తగలొద్దనిందా, తగిలినా ఏం కాదనిందా అమ్మమ్మా? నువ్వు పక్కనే ఉన్నావు గదా." సరిగ్గా ఇదే ప్రశ్న నన్ను ఒకప్పుడు అక్క అడిగింది.

మాది ఇందుకూరుపేటకు ఆవల, సముద్రపు గాలి తగిలే పల్లె. యాభైల చివర్లో అక్కా నేనూ రోజూ బస్సులో నెల్లూరికి పోయి టైపు నేర్చుకునేవాళ్ళం. క్రైస్తవ మిషన్ వాళ్ళ బడిలో గుమాస్తా పని ఖాళీ అవుతోందనీ, బడి తెరిచేలోగా అక్క టైపు లోయర్ పరీక్ష పాసైతే ఆమెకే ఇస్తామనీ బడి పెద్దలు నాయనతో చెప్పారు. ఆ వేసవిలో మా ఇంట్లో ప్రార్థన చివర అక్క పరీక్ష ప్రస్తావన లేని రోజు లేదు.

పరీక్ష పదిహేను రోజులుందనగా అక్క చిటికెనవేలికి గోరుచుట్టు లేచింది. మా ఊళ్ళో క్షౌరం చేసే ఆయన భార్య ఆడవాళ్ళకు గోళ్ళు తీసేది, పురుళ్ళు కూడా పోసేది. ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. గోరుగల్లు అని చిన్న ఉలి లాంటిది ఉండేది, దానితో గోరు అంచు నొప్పి తెలియకుండా లేపి చీము తీసింది. చేతి నేర్పు అంత గొప్పది. మాట మాత్రం ఎప్పుడూ నోట్లోని తమలపాకుల వెనకనుంచే వచ్చేది. పోతూ పోతూ ఉప్పునీళ్ళ గురించి ఏదో చెప్పి వెళ్ళింది.

"ఉప్పునీళ్ళు ముట్టమాక అనింది" అని అమ్మ.

"మానమాక అనింది, రోజూ ముంచమని" అని అవ్వ.

"నాకేమన్నా చెవుడా అత్తా?"

"చెవుడు లేదులే అమ్మే, నీకు తొందర ఉండాది."

అక్క నావైపు తిరిగి, పక్కనే ఉన్నావు గదా, ఏమనిందో చెప్పమంది. నేను నిజానికి సరిగా వినలేదు. బస్సుకు వేళవుతోంది. అవ్వ పక్షం చేరితే రచ్చ తొందరగా తెములుతుందనుకున్నానో ఏమో, "మానమాక అనింది" అనేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. రోకలి నా మాటే అయింది.

మా వైపు ఉప్పునీళ్ళంటే ఉప్పు కలిపిన నీళ్ళని అర్థం కాదు. తాగేందుకు ఊరవతల మంచినీళ్ళ బావి ఉండేది. దొడ్లోది ఉప్పునీళ్ళ బావి, అంట్లకూ గొడ్లకూ ఆ నీళ్ళే. ఆ నీళ్ళను ముంతలో పోసి, మూడు పూటలా అక్క వేలు నానబెట్టింది. తన మాట చెల్లని అమ్మ ఊరుకోలేక, మామ గూడూరునుంచి తెచ్చిన నిమ్మకాయ ఒకటి తీసుకుని తొర్ర చేసి, ఆ తడివేలికే తొడిగింది. నాలుగు రోజులు నానడమూ నిమ్మకాయా ఒకదాని వెంట ఒకటి సాగాయి. నాలుగో రోజున గోరు ఊడింది.

పెద్దమ్మను పిలిపిస్తే వేలు చూసి, బయటికి పోయి నోట్లోని ఆకు ఉమ్మేసి వచ్చింది. "నేనెప్పుడన్నాను ఉప్పునీళ్ళని? ఉడుకునీళ్ళు గదా అన్నాను."

"అయితే ముట్టమాక అన్నావా, మానమాక అన్నావా?" అని అవ్వ పట్టుబట్టింది.

"అది కూడా అడగాల్నా వదినా? తెలిసినోళ్ళు గదా మీరు" అని, ఎవరికో నొప్పులు వస్తున్నాయంటే వెళ్ళిపోయింది.

టైపు మిషను మీద ఎడమ చిటికెనవేలు కొట్టాల్సింది ఇంగ్లీషు మొదటి అక్షరం. పరీక్షనాడు అక్క గుడ్డ చుట్టిన ఆ వేలితో కొట్టలేక, పక్క వేలిని సాయం పంపి, ఎ రావలసిన చోటల్లా ఎస్ కొట్టింది. తప్పింది. అదే గదిలో, అదే పూట పరీక్ష రాసిన నేను పాసయ్యాను. తర్వాతి విడతలో అక్కా పాసయింది గానీ అప్పటికి బడిలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. నేను ఆ పరీక్ష కాగితం పట్టుకునే పత్రికాఫీసులో చేరి, ఏమన్నారో మళ్ళీ ఒకసారి చెప్పండి అని కనబడిన వాళ్ళనల్లా అడుగుతూ పని చేసి రిటైరయ్యాను.

మొన్న మనవరాలు ఆటోలోంచే దుకాణానికి ఫోన్ చేసి, నిమిషంలో సంగతి తేల్చుకుంది. ఆ రోజుల్లో ఫోన్లు లేవని మనం చెప్పుకుంటాం గానీ, పెద్దమ్మ ఇల్లు మాకు పది గడపల దూరం. ఒకసారి చెప్పిన మనిషిని మళ్ళీ అడిగితే చిన్నబుచ్చినట్టని ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరం కదల్లేదు. ఇప్పటి పిల్లలకు ఆ మొహమాటం లేదు. అది మంచికే పోయిందని తెలిసినా, ఎందుకో వెలితిగానే ఉంటుంది.

అక్క ఇప్పుడు గూడూరులో ఉంటుంది. ఆ గోరు మళ్ళీ మొలిచింది గానీ నడిమికి చీలి మొలిచింది, ఇప్పటికీ అట్లాగే ఉంది. ఆ రోజు నేను నిజంగా విన్నానా అని ఆమె ఎన్నడూ అడగలేదు. వినలేదని నేనూ ఇంతవరకు చెప్పలేదు.